చెక్క కెమెరాకు 65 ఎంఎం లెన్స్: బెలోస్ అడ్డుపడుతోంది, ఏం చేయాలి?

చెక్కపెట్టె:
4×5 అంగుళాల షీటు ఫిల్ము వేసే నా చెక్క ఫీల్డ్ కెమెరాకు 65 ఎంఎం ఎఫ్/8 సూపర్ యాంగులాన్ అనే వైడ్ లెన్స్ బిగించాను. దూరానికి ఫోకస్ చేసేసరికి బెలోస్ (ముందు, వెనుక ఫ్రేములను కలిపే మడతల గొట్టం) మడతలు గట్టిగా బిగుసుకుపోతున్నాయి, ముందు ఫ్రేము పైకి కదలడం లేదు. నిలువు చిత్రాల్లో కెమెరా బెడ్ (ముందు ఫ్రేమును మోసే పలక) కూడా కనిపిస్తోంది. లోతు లెన్స్ బోర్డు (లెన్స్‌ను లోపలికి దింపి బిగించే పలక) కొనాలా, బ్యాగ్ బెలోసా (మడతలు లేని మెత్తటి సంచి)? గ్రౌండ్ గ్లాస్ (వెనుక బింబం చూసే గరుకు గాజు) మూలలు చీకటి. ఫ్రెనెల్ (మూలల వెలుతురును కంటి వైపు మళ్లించే గీతల పలక) పెడితే మేలా?

నల్లగుడ్డ:
బెడ్‌ను కిందికి వాల్చి, ముందు ఫ్రేమును వెనక్కి వంచి గ్రౌండ్ గ్లాస్‌కు సమాంతరంగా నిలబెట్టండి. బెడ్‌తో పాటు లెన్స్ కూడా దిగుతుంది, రైజ్‌తో (ముందు ఫ్రేమును పైకి జరిపే కదలికతో) దాన్ని మళ్లీ ఎత్తుకోవాలి. అందుకే బ్యాగ్ బెలోస్ కావాలి. మీ కెమెరాలో వెనుక ఫ్రేము ముందుకు జరిగితే ఈ తంటా ఏదీ లేదు.

పాతగాజు:
బెలోస్ సంగతి తర్వాత. ముందు సెంటర్ ఫిల్టర్ (మధ్యలో ముదురుగా, అంచుల్లో తేటగా ఉండేది) కొనండి. అది లేకుండా 65తో స్లైడ్ ఫిల్ము తీయడమంటే షీట్లు పారేసుకోవడమే. నేను అలా పారేసుకున్నవాణ్నే, ఆకాశం మూలలన్నీ మసిబారి వచ్చాయి.

వెండిరేణువు:
అందరికీ ఫిల్టర్ అంటగట్టకండి. నలుపు తెలుపు నెగెటివ్‌కు అది అక్కరలేదు. ముద్రించేటప్పుడు మధ్య భాగానికి కాస్త ఎక్కువ వెలుతురు ఇస్తే సరి.

పాతగాజు:
మూలల నీడల్లో వివరం ఫిల్ము మీదే లేకపోతే ముద్రణలో ఎక్కడి నుంచి తెస్తారు? 65తో 4×5 మూల దాదాపు 50 డిగ్రీల కోణంలో ఉంటుంది. కొసైన్ నాలుగో ఘాతం లెక్కన మూలకు రెండున్నర స్టాపుల వెలుతురు నష్టం (ఒక్కో స్టాపుకు వెలుతురు సగమవుతుంది). ఇరవై ఏళ్లుగా ఈ లెన్సులే వాడుతున్నాను, నాకు పాఠం చెప్పకండి.

వెండిరేణువు:
ఇరవై ఏళ్లు వాడినా లెక్క సగమే చెప్పారు. సోవియట్ లెన్స్ రూపకర్త రూసినోవ్ 1946లో చూపిన దారిలో వచ్చిన లెన్సులివి. పక్క నుంచి చూసినప్పుడు వీటి ప్యూపిల్ (వెలుతురు దూరే రంధ్రంగా కనిపించేది) పెద్దదవుతుంది. నష్టం రెండు స్టాపుల దగ్గరే ఆగుతుంది. ఇక మీ ఫిల్టర్ మూలలకు వెలుతురు తెచ్చిపెట్టదు, మధ్య భాగాన్ని మసకబరుస్తుంది, అంతే. అది పెట్టినా ఎక్స్‌పోజర్ ఒకటిన్నర స్టాపు పెంచాలి. అదేదో ఫిల్టర్ లేకుండానే పెంచితే మూలల నీడలు నిలుస్తాయి కదా!

పాతగాజు:
స్లైడ్‌కు అలా పెంచితే మధ్యలో మేఘాలు తెల్లగా కాలిపోతాయి. నేను చెప్పింది స్లైడ్ గురించి. చదివి రాయండి.

వాలుగీత:
మీ తగవులో టిల్ట్ (లెన్స్‌ను ముందుకు వంచడం) మాట ఎవరూ ఎత్తలేదు. లెన్స్ నేలకు 1.6 మీటర్ల ఎత్తులో ఉంటే, నేలంతా ఫోకస్‌లోకి రావడానికి 150 ఎంఎంకు 5.4 డిగ్రీలు వంచాలి, 65కు 2.3 చాలు. చెక్క ఫ్రేము మర కాస్త వదులైతే తెలియకుండానే అంత పక్కకు తిరుగుతుంది. ఒకరోజు తీసిన ఎనిమిది షీట్లలోనూ ఎడమ అంచు మసకే. అప్పటి నుంచి రెండు ఫ్రేముల మధ్య దూరాన్ని రెండు పక్కలా స్కేలుతో కొలవనిదే షీటు పెట్టను.

కర్ణం:
అసలు ప్రశ్నకు వద్దాం. ఆ ఎఫ్/8 లెన్స్ బింబవలయం (లెన్స్ వేసే గుండ్రని బింబం వెడల్పు) ఎఫ్/22 దగ్గర 155 మిల్లీమీటర్లు. ఫిల్ము కర్ణమే 150 దాటుతుంది. ఇక రైజ్‌కు చోటెక్కడ? బ్యాగ్ బెలోస్ లెన్స్‌ను మధ్యకు తెచ్చుకోవడానికే పనికొస్తుంది. భవనాలు తీయాలంటే 90కి మారండి. నమ్మకపోతే గ్రౌండ్ గ్లాస్ కత్తిరించిన మూలలోంచి ఎపర్చర్‌ను (లెన్స్ లోపలి రంధ్రాన్ని) చూడండి.

చెక్కపెట్టె:
చూశాను. ఎఫ్/22 దగ్గర మధ్యలో ఉన్నప్పుడు నాలుగు మూలల నుంచీ ఎపర్చర్ గుండ్రంగానే ఉంది. బెలోస్‌ను బలవంతంగా నొక్కి ముందు ఫ్రేమును ఐదు మిల్లీమీటర్లు ఎత్తాను. ఒక పక్క మూలల్లో అది పిల్లికన్నులా సన్నబడింది. లోతు బోర్డు ఆలోచన మానుకున్నాను. ఫ్రెనెల్ సంగతి మాత్రం ఇంకా ఎవరూ చెప్పలేదు.

నల్లగుడ్డ:
పెట్టండి. గాజుకు లెన్స్ వైపు కాకుండా మీ కంటి వైపు పెట్టండి, లేకపోతే ఫోకస్ తప్పుతుంది.