సిరిమాను వీడియో: ఒక క్లిప్ సెట్టింగులను మిగతా క్లిప్‌లకు ఎలా చేరవేయాలి?

ప్రశ్న – విజయనగరం

అందరికీ నమస్కారం. మా ఊరి పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవాన్ని ఈసారి 3 కెమెరాలతో చిత్రీకరించి, డావిన్చి రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎడిట్ చేస్తున్నాను. పూజారి కొసన కూర్చునే పొడవాటి మాను, అంటే సిరిమాను, అమ్మవారి చదురుగుడికీ కోటకూ మధ్య మూడుసార్లు తిరుగుతుంది కనుక, మొదటి తిరుగుడులో ఎండ కళ్లు చెదరగొడితే, చివరిదానికి పొద్దు వాలిపోయి ఉంటుంది. టైమ్‌లైన్‌లో 200కు పైగా క్లిప్‌లు ఉన్నాయి. వాటిలో 60 క్లిప్‌లకు వెలుగు, తెలుపు (వైట్ బ్యాలెన్స్) ఒక్కొక్కటిగా సరిచేసుకున్నాను. ఆ తరువాత ఒక క్లిప్‌లో రంగులు చక్కగా కుదిరాయని దానిని కాపీ చేసి, మిగతావన్నీ ఎంచుకొని, ఒక క్లిప్ సెట్టింగులను వేరే క్లిప్‌లకు అతికించే పేస్ట్ ఆట్రిబ్యూట్స్‌లో కనిపించిన ప్రతి గడిలోనూ టిక్కు పెట్టాను. నేను కాపీ చేసినది సిరిమాను కొసన కూర్చున్న పూజారి గారి మీదికి నెమ్మదిగా జూమ్ అయ్యే క్లిప్. ఇప్పుడు ఊరేగింపులోని పాలధార క్లిప్ కరెంటు తీగల మీదికి, బెస్తవారి వల క్లిప్ ఎవరిదో మేడ పిట్టగోడ మీదికి జూమ్ అవుతున్నాయి. 60 క్లిప్‌లకు చేసిన సవరణ కూడా చెరిగిపోయింది. రంగును మాత్రమే పంపే మార్గం ఉన్నదా?

సమాధానం – శ్రీకాకుళం

ఉన్నదండీ. ముందుగా, జరిగినది ఏమిటో చెబుతాను. జూమ్, పొజిషన్ గడులకు టిక్కు పెడితే ఆ క్లిప్ కీఫ్రేములు (జూమ్ ఏ క్షణంలో ఎంత ఉండాలో చెప్పే గుర్తులు) కూడా వెంట వస్తాయి. పేస్ట్ చేసేటప్పుడు వాటి సమయాన్ని ఉన్నది ఉన్నట్లుగా ఉంచాలా, కొత్త క్లిప్ నిడివికి సాగదీయాలా అని ఆ పెట్టెలోనే అడుగుతుంది, కాని తొందరలో మనం దానిని చూడము. ఇక కలర్ కరెక్టర్ గడి సంగతి వేరు. అది పాత నోడ్‌లకు (రంగు సవరణలను దాచే పెట్టెలకు) కొత్తవి జతచేయదు, పాతవాటిని తీసివేసి వాటి స్థానంలో కొత్తవి పెడుతుంది. మీ 60 క్లిప్‌ల శ్రమ పోయినది అందువల్లనే.

రంగు మాత్రమే కావాలంటే కలర్ పేజీలో చేరవలసిన క్లిప్‌లను ఎంచుకొని, మూల క్లిప్ బొమ్మ మీద మౌసు నడిమి బటన్ నొక్కితే చాలు, జూమ్ జోలికి పోదు. అయితే మీ వీడియోకు నేను ఇది కూడా సూచించను, ఎందుకంటే ఇది కూడా పాత నోడ్‌లను తుడిచివేసే పద్ధతే. 3 కెమెరాలు, రెండు రకాల వెలుతురు ఉన్నప్పుడు క్లిప్‌కు క్లిప్‌కు మారేదానినీ, అన్నింటికీ ఒకటే అయినదానినీ విడదీసుకోవాలి. ఎండలో తీసినవి ఒక గ్రూపుగా, పొద్దు వాలాక తీసినవి ఇంకొక గ్రూపుగా చేసి, వెలుగు, తెలుపు సవరణలను క్లిప్ స్థాయిలోనే ఉంచి, పసుపు కుంకుమల రంగులు నిండుగా కనిపించాలన్న మీ అభిరుచిని గ్రూప్ పోస్ట్‌క్లిప్‌లో, అంటే క్లిప్ సవరణల తరువాత గ్రూపు మొత్తానికీ వర్తించే స్థాయిలో పెట్టండి. అప్పుడు కాపీ చేయవలసిన పనే ఉండదు, ఒకచోట మార్చితే ఆ గ్రూపు అంతటా మారుతుంది. ఒక క్లిప్ ఒక్క గ్రూపులోనే ఉండగలదు కనుక, విభజనను మాత్రం ముందే ఆలోచించి చేసుకోండి.

సమాధానం – బొబ్బిలి

పై సలహా సరైనదే. స్క్రిప్టు రాయడం అలవాటు ఉంటే మరో దారి ఉన్నది. ఎండ క్లిప్‌లన్నింటికీ టైమ్‌లైన్‌లో నారింజ రంగు గుర్తు పెట్టి, పైథాన్‌లో ఆ గుర్తు ఉన్నవాటిని ఏరి, నమూనా క్లిప్ మీద కాపీగ్రేడ్స్ అనే ఫంక్షన్‌ను పిలిస్తే గ్రేడ్ (రంగుల సవరణ మొత్తం) అన్నింటికీ ఒకేసారి చేరుతుంది. ప్రతి సంవత్సరం ఇదే ఉత్సవాన్ని తీసేవారికి ఇది ఉపయోగం. ఒక్కసారి పనికైతే స్క్రిప్టు రాసే సమయంలో గ్రూపులు కట్టుకోవచ్చు.

సమాధానం – పాలకొండ

వీడియో ఊపును తగ్గించే స్టెబిలైజర్ గురించి ఎవరూ చెప్పలేదు. జనం తోపులాటలో చేతి కెమెరాతో తీసినవి తప్పక ఊగుతాయి. ఏ క్లిప్ ఊపు దానిదే కనుక, ఒకదాని లెక్క మరొకదానికి పనికిరాదు. ప్రతి క్లిప్‌నూ విడిగా విశ్లేషింపజేయవలసిందే. ముఖాన్ని వెంటాడే ట్రాకింగ్ విండో ఉన్న నోడ్ కూడా అంతే. దానిని మరో క్లిప్‌కు పంపితే అక్కడ లేని ముఖాన్ని వెలిగిస్తుంది.

ప్రశ్న వేసినవారు

అందరికీ కృతజ్ఞతలు. పాత ప్రాజెక్టు నకలు ఒకటి మిగిలి ఉండటం వల్ల 60లో 40 క్లిప్‌ల సవరణ దక్కింది, మిగతా 20 రాత్రి కూర్చొని మళ్లీ చేశాను. రెండు గ్రూపులూ కట్టాను. కోట దగ్గర నీడలోంచి ఎండలోకి సిరిమాను వచ్చే ఒక్క పొడవైన క్లిప్ మాత్రం ఏ గ్రూపులోనూ ఇమడక, దానిని మధ్యకు కోసి రెండు ముక్కలను రెండింటిలో వేశాను. కోసినచోట రంగు మారడం తెలియకుండా ఒక ముక్క మెల్లగా మరోదానిలో కలిసిపోయే 12 ఫ్రేముల క్రాస్ డిజాల్వ్ సరిపోయింది.