అప్‌డేట్: ఐదేళ్ల బాబుకు రాసిన రిస్పెరిడోన్ విషయం

కోపంలో కొరుకుతున్న మా బాబుకు మొదటిసారి డాక్టరుకు చూపించినప్పుడే రాసిన రిస్పెరిడోన్ (తీవ్రమైన మానసిక సమస్యలకు వాడే మందు) వేయాలా వద్దా అని ఇంతకుముందు అడిగాను. వేయలేదు, ముందుగా మరో పిల్లల మానసిక వైద్యురాలిని కలిశాం. ఐదేళ్ల వయసులో ఈ మందుకు అమెరికాలో 2006లో వచ్చిన అనుమతి ఆటిజంతో కూడిన తీవ్రమైన చిరాకుకేనని, మా వాడికి ఆటిజం లేదు కనుక తల్లిదండ్రుల శిక్షణతో మొదలుపెట్టడమే సరైనదని ఆమె వివరించారు.

శిక్షణ పిల్లవాడికి కాదు, మాకు! (మొదట కాస్త నొచ్చుకున్నాను.) రోజూ పది నిమిషాలు వాడు చెప్పిన ఆట ఆడటం, మంచి పనిని వెంటనే పేరుపెట్టి మెచ్చుకోవడం, ఒక్కసారే స్పష్టంగా చెప్పడం నేర్చుకున్నాం. మూడు నెలల్లో కొరకడం దాదాపు ఆగింది. వస్తువులు విసరడం ఆగలేదు. మందు అవసరమైతే ముందే బరువు, రక్తంలో చక్కెర, కొలెస్ట్రాల్ పరీక్షించి, తర్వాతా గమనిస్తారట. ఇప్పటికే వాడుతున్నవారు వైద్యులను అడగకుండా ఆపవద్దు.