ఒకప్పుడు ఐడియాలతో తల తినేసే టీమ్ ఇప్పుడు నోరే విప్పట్లేదు, తేడా ఎక్కడ కొట్టింది?

కొత్తలీడ్_పాతకష్టాలు:

హాయ్ అందరికీ, కొంచెం పెద్ద పోస్టు, ఓపిక చేసుకుని చదవండి.

నేను ఒక సాఫ్ట్‌వేర్ టీమ్‌కి లీడ్ అయ్యి ఏడాదిన్నర, అంతకు ముందు ఇదే టీమ్‌లో డెవలపర్‌ని. టీమ్‌లో తొమ్మిది మంది. అప్పట్లో మావాళ్ళని ఆపడమే కష్టం, ఒకడు ఇలా చేద్దాం అంటే ఇంకొకడు లేచి కాదు అలా అని బోర్డు మీద గీసేసేవాడు, సగం పనికిరానివే అనుకోండి, కానీ జనం ఇప్పటికీ మెచ్చుకునే రెండు మూడు ఫీచర్లు ఆ గోలలోంచే వచ్చాయి.

ఏడు నెలల కింద పైన మేనేజ్‌మెంట్ మారింది. ల్యాప్‌టాప్‌లలో ట్రాకర్ పెట్టారు, పది నిమిషాలు మౌస్ కదలకపోతే ఐడిల్ అని పడుతుంది. పొద్దున స్టాండప్ అని ఎవరి పని ఎంతవరకు వచ్చిందో చెప్పే చిన్న మీటింగ్, సాయంత్రం మళ్ళీ స్టేటస్ మెయిల్. పార్టిషన్లు పీకేసి ఓపెన్ హాల్ చేశారు, అందరూ కలిసి మాట్లాడుకుంటారట. ఇవన్నీ అయ్యాక ఐడియాలు తగ్గిపోయాయని వాళ్ళకే అనిపించి ఇంకో స్కీమ్ తెచ్చారు, మనిషికి నెలకి రెండు ఐడియాలు పోర్టల్‌లో వేయాల్సిందే, బెస్ట్ ఐడియాకి గిఫ్ట్ కార్డు, అప్రైజల్‌లో మార్కులు.

ఇప్పుడు పోర్టల్ నిండా ఐడియాలే. "బటన్ రంగు మార్చాలి", "ఎర్రర్ మెసేజ్ చివర చుక్క పెట్టాలి" ఈ టైపు. నెలాఖరు రోజు నాలుగింటి నుంచి ఆరింటి లోపు కరెక్ట్‌గా పద్దెనిమిది పడతాయి, ఒకటి ఎక్కువ లేదు ఒకటి తక్కువ లేదు. మీటింగ్‌లో ఎవరికైనా ఏమైనా చెప్పాలని ఉందా అంటే అందరూ మ్యూట్.

పైవాళ్ళేమో మీ వాళ్ళకి ఓనర్‌షిప్ లేదు, నలుగురిని మార్చేయ్ అంటున్నారు. మనుషులు వాళ్ళే కదా, ఏడు నెలల్లో అందరికీ ఒకేసారి బుర్ర పనిచేయడం మానేస్తుందా? ఇలాంటిది ఎవరైనా చూశారా?

షాప్‌ఫ్లోర్_సీనియర్:

మనుషులు వాళ్ళే అన్నారు చూడండి, మీ జవాబు అక్కడే ఉంది బాబూ. నేను కంప్యూటర్ల మనిషిని కాదు, ఫ్యాక్టరీ లైన్ మీద ఇరవై రెండేళ్ళు చేసి దిగినవాణ్ణి. మా ఫీల్డ్‌లో అందరూ చెప్పుకునే ముచ్చట ఒకటుంది, కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్ అని, అక్కడ జనరల్ మోటార్స్ కార్ల ప్లాంటు ఉండేది. ఏ రోజు చూసినా ఐదుగురిలో ఒకరు డ్యూటీకి రారు, వచ్చినవాళ్ళలో కొందరు తాగేవాళ్ళు, మేనేజ్‌మెంట్‌కీ యూనియన్‌కీ పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. విసిగిపోయి 1982లో మూసేశారు. 1984లో టయోటాతో కలిసి అదే ప్లాంటుని నుమ్మి అనే పేరుతో తెరిచారు, యూనియన్ అదే, పనివాళ్ళలో చాలావరకు ఆ పాతవాళ్ళే. రెండేళ్ళు తిరిగేసరికి డ్యూటీకి రానివాళ్ళు వందకి ఇరవై ఉండేవాళ్ళు కాస్తా రెండు మూడుకి దిగారు, కార్ల క్వాలిటీ జపాన్ ప్లాంటు దరిదాపుల్లోకి వచ్చింది.

అక్కడ లైన్ పొడుగునా ఒక తాడు ఉండేది. తేడా కనబడితే ఎవరైనా లాగొచ్చు, టీమ్ లీడర్ పరిగెత్తుకొస్తాడు, అప్పటికీ తేలకపోతే లైన్ ఆగుతుంది. అంతకు ముందు అదే చోట లైన్ ఆపడం అంటే మహాపాపం, కారు సగం తయారై పోతున్నా సరే పోనివ్వాల్సిందే. ఇంకో సంగతి ఎవరూ పెద్దగా చెప్పరు, కంపెనీ మునిగిపోయే పరిస్థితి వస్తే తప్ప జనాన్ని తీసేయం, అదీ ముందు పెద్దల జీతాలు తగ్గించుకున్నాకే అని అగ్రిమెంట్‌లో రాసుకున్నారు. నా లెక్కలో తాడు కంటే ఆ కాగితం ముఖ్యం. పని తేలికయ్యే ఉపాయం చెప్తే ఆ మిగిలిన మనిషిని ఇంటికి పంపిస్తారు అనే భయం ఉంటే ఎవడు చెప్తాడు మీకు ఉపాయం?

మా ప్లాంటులో కూడా ఎవరో చూసొచ్చి అలాంటి తాడే కట్టించారు. మొదటి వారంలోనే ఒక కుర్రాడు లాగాడు. సూపర్‌వైజర్ వచ్చి అడిగిన మొదటి మాట "ఎవడ్రా లాగింది?" అంతే, నేను దిగిపోయేదాకా దుమ్ము దులపడానికి తప్ప దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. అంతెందుకు, జనరల్ మోటార్స్ కళ్ళెదురుగా ఇంత చూసి కూడా తన మిగతా ప్లాంట్లకి ఆ పద్ధతి ఎక్కించుకోడానికి ఏళ్ళూ పూళ్ళూ పట్టింది.

మౌస్_కదులుతూనే_ఉంటది:

అన్నా నా పేరు చూస్తేనే అర్థమైతది కదా 😀 మా దగ్గర కూడ ట్రాకర్ పెట్టిన్రు, వారం తిరగకముందే సగం మంది మౌస్ దానంతట అదే కదిలే డబ్బాలు కొనుక్కున్నరు. అంటే క్రియేటివిటీ ఏం తగ్గలే అన్నా, అటు దిక్కు పోయింది అంతే.

గిఫ్ట్ కార్డు సంగతి అడిగినవ్ కదా, దీని మీద ఒక పాత ప్రయోగం ఉంది, క్యాండిల్ ప్రాబ్లం అంటరు. డంకర్ అనే సైకాలజిస్టు తయారుచేసిండు. ఒక కొవ్వొత్తి, అగ్గిపెట్టె, ఒక డబ్బాల నిండా పిన్నులు ఇస్తరు, మైనం కింద పడకుంట కొవ్వొత్తిని గోడకి నిలబెట్టాలె. కిటుకు ఏందంటే పిన్నులు బయట పోసి ఆ డబ్బానే గోడకి గుచ్చి దాంట్ల కొవ్వొత్తి పెట్టాలె, కానీ మన కంటికి అది పిన్నుల డబ్బా లెక్కనే కనిపిస్తది. 1962ల గ్లక్స్‌బర్గ్ అని ఒకాయన దీన్నే రెండు గుంపులకి ఇచ్చిండు, ఒక గుంపుకి తొందరగ చేసినోళ్ళకి పైసలు ఇస్తమన్నడు, ఇంకో గుంపుకి ఊకె టైం చూస్తున్నం అన్నడు. పైసలు అన్నోళ్ళకే మూడున్నర నిమిషాలు ఎక్కువ పట్టింది! అదే పిన్నులు ముందే బయట పోసి ఖాళీ డబ్బా ఇస్తే మాత్రం పైసల గుంపే ఫాస్ట్‌గ చేసింది. అంటే దారి తెలిసిన పనికి పైసలు పనిచేస్తయ్, దారి ఎతుక్కోవాల్సిన పనికి చూపు ఇరుకైతది.

మీ ఓపెన్ హాల్ గురించి కూడ చెప్త. ఈథన్ బెర్న్‌స్టీన్ అని హార్వర్డ్ ప్రొఫెసర్, రెండు పెద్ద కంపెనీల ఆఫీసులు ఓపెన్ చేసినప్పుడు జనం మెడల సెన్సర్లు ఏసి చూసిండు, ఎదురెదురుగ మాట్లాడుకునుడు డెబ్భై శాతం దాక పడిపోయింది, మెయిళ్ళు చాటింగులు పెరిగినయ్. 2018ల వచ్చింది పేపర్. అందరు చూస్తుంటే ఎవడు మాట్లాడతడు, హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటడు. ఆయనదే అంతకుముందుది ఇంకోటి మస్తుంటది, చైనాల సెల్‌ఫోన్ల ఫ్యాక్టరీల కొన్ని లైన్ల చుట్టు ఊకె పరదా కట్టిండు, ఆ లైన్లల్ల ప్రొడక్షన్ పది పదిహేను శాతం పెరిగింది. సార్లు చూసినంత సేపు రూల్ ప్రకారం చేస్తున్నట్టు యాక్టింగ్, పరదా పడంగనే వాళ్ళకి తెలిసిన షార్ట్‌కట్లు బయటికొచ్చినయ్.

ఎస్కలేషన్_ఎప్పుడూ_నాకే:

అందరూ మేనేజ్‌మెంట్‌ని తిట్టడానికి రెడీగా ఉంటారు, కాబట్టి అటువైపు నుంచి నేను చెప్తా. నాకు నలభై మంది రిపోర్ట్ చేస్తారు. గోల చేసే టీమ్ అంతా క్రియేటివ్ టీమ్ అని కాదండీ, అప్పట్లో ఆ తొమ్మిది మందిలో బోర్డు దగ్గరికి వెళ్ళేది ముగ్గురో నలుగురో అయ్యుంటారు, మిగతావాళ్ళు అప్పుడూ మ్యూటే, గుర్తు తెచ్చుకోండి. జీతాలు సరిగ్గా లేకపోయినా, రోజూ రాత్రి పదకొండు దాకా పనున్నా తాళ్ళూ పరదాలూ ఏవీ పనిచేయవు, అది ముందు చూడాలి. ఇంకోటి, స్టాండప్, స్టేటస్ మెయిల్ లాంటివి ఊరికే పెట్టరు, క్లయింట్ అర్ధరాత్రి ఫోన్ చేసి ఎంతవరకు వచ్చింది అంటే చెప్పాల్సింది మేమే.

ట్రాకర్ మాత్రం నేను సమర్థించను, చెత్త.

కానీ మీకు ఒకటే ప్రశ్న. మీ టీమ్‌లో ఆఖరిసారి నిజమైన ఐడియా ఎవరు చెప్పారు, ఆ తర్వాత ఆ మనిషికి ఏమైంది? పోర్టల్, హాల్ అన్నీ పక్కన పెట్టి ఇది చెప్పండి.

నైట్‌డ్యూటీ_సిస్టర్:

పై ప్రశ్న చాలా కరెక్ట్. నేను నర్సుని, ఐడియాల సంగతి తెలీదు కానీ నోరు విప్పడం విప్పకపోవడం మా దగ్గర ప్రాణాల మీదకి వస్తుంది. ఎమీ ఎడ్మండ్‌సన్ అని ఒకావిడ 1990ల్లో హాస్పిటల్స్‌లో మందుల పొరపాట్ల మీద స్టడీ చేశారు, మంచి టీమ్‌లలో పొరపాట్లు తక్కువ ఉంటాయనుకుని మొదలుపెడితే లెక్క తిరగబడింది, మంచి టీమ్‌లలోనే ఎక్కువ కనిపించాయి. తర్వాత తేలిందేంటంటే వాళ్ళు ఎక్కువ తప్పులు చేయట్లేదు, ఎక్కువ చెప్తున్నారు. హెడ్ నర్సు అంటే భయం ఉన్న వార్డులో కాగితం మీద అంతా బంగారమే. ఇప్పుడు సైకలాజికల్ సేఫ్టీ అని, అంటే నోరు విప్పితే నామీదకి రాదు అనే ధైర్యం, అందరూ వాడే మాటని ఆవిడే 1999లో టీమ్‌ల మీద రాసిన పేపర్‌తో జనంలోకి తెచ్చారు.

నేను ముందు చేసిన చోట డోసు తప్పు పడబోయి ఆగింది అని ఫారం రాసిస్తే దాన్ని అందరి ముందూ చదివేవాళ్ళు, పేరుతో సహా. ఆ నెల తర్వాత ఫారాలే రాలేదు, వార్డుకి బెస్ట్ సేఫ్టీ అవార్డు ఇచ్చారు. ఇప్పుడున్న చోట మా ఇన్‌ఛార్జి మేడమ్ జాయిన్ అయిన రోజే తను చేసిన ఒక పెద్ద తప్పు చెప్పి, నాకు కనబడనివి మీకు కనబడతాయి, చెప్పండమ్మా అన్నారు. ఫారాలు కట్టలు కట్టలుగా వస్తాయి, ఫ్రిజ్‌లో ఒకేలా ఉండే రెండు వయల్స్ వేరే వేరే అరల్లో పెట్టాలన్న సంగతి కూడా అలా వచ్చిందే, చెప్పింది ఆయా.

కొత్తలీడ్_పాతకష్టాలు:

రెండ్రోజులు రిప్లై ఇవ్వలేదు, సారీ. ఎస్కలేషన్ గారి ప్రశ్న చదివాక ఇక్కడికి రావడానికి మొహం చెల్లలేదు, నిజం.

ఆఖరి ఐడియా చెప్పింది మా టీమ్‌లో జూనియర్ అమ్మాయి, ఎనిమిది నెలల కిందట, అంటే మేనేజ్‌మెంట్ మారకముందే. రాత్రి దానంతట అదే రన్ అయ్యే ఒక ప్రోగ్రామ్‌ని ముక్కలు చేస్తే టైం సగమవుతుంది అని. బాగుంది, నువ్వే చెయ్యి అన్నాను, ఉన్న పని ఒక్కటి కూడా తగ్గించకుండా. పాపం శని ఆదివారాలు కూర్చుని చేసింది, టైం నిజంగానే తగ్గింది, మూడో వారంలో ఒక బగ్ వచ్చి కొన్ని రిపోర్టులు తప్పుగా వెళ్ళాయి. కారణాల రిపోర్టు నేనే రాశాను. అందులో ఆ అమ్మాయి పేరు రాశాను, క్లయింట్‌తో పాటు టీమ్ మొత్తాన్ని కాపీలో పెట్టాను. ఆ పైవారం మీటింగ్ నుంచే అందరూ మ్యూట్. ట్రాకర్ వచ్చింది ఆ తర్వాత. నేనే "ఎవడ్రా లాగింది" అన్నాను, ఇంగ్లిష్‌లో అన్నాను అంతే.

నిన్న ఆ అమ్మాయిని కూర్చోబెట్టి సారీ చెప్పాను. "పర్లేదు సార్" అంది, ఆ పర్లేదు వింటే ఇంకా బాధేసింది. టీమ్‌కి కూడా చెప్పాను, రిపోర్టుల్లో ఇకనుంచి మనిషి పేరు ఉండదు, ఏం జరిగిందో మాత్రమే, కొత్తది ఎవరైనా ట్రై చేస్తే వాళ్ళ టికెట్లు, అంటే వాళ్ళకి పడిన పనులు, రెండు నేను తీసుకుంటాను అని. ఎవరూ ఏమీ అనలేదు. ట్రాకర్, పోర్టల్ నా చేతిలో లేవు, పోర్టల్ కోటా తీసేయమని మెయిల్ పెట్టాను, జవాబు రాలేదు.

ఎస్కలేషన్_ఎప్పుడూ_నాకే:

ఆ అమ్మాయి చేసిన పని ఇప్పుడు రన్ అవుతోందా, లేక బగ్ వచ్చిందని వెనక్కి తీసేశారా?

కొత్తలీడ్_పాతకష్టాలు:

తీసేశాం. పాతదే నడుస్తోంది.

షాప్‌ఫ్లోర్_సీనియర్:

అయితే సారీ కంటే ముందు దాన్ని మళ్ళీ పెట్టించండి. పక్కన మీరు కూర్చోండి.

కొత్తలీడ్_పాతకష్టాలు:

సోమవారం నుంచి. ఆ అమ్మాయిని అడిగాను, ఆలోచించి చెప్తా అంది.