తైవాన్ సహోద్యోగి పెళ్లి కానుక, ఇంకొన్ని సందేహాలు

ప్రశ్న: మాదాపూర్ ఉద్యోగిని

మాదాపూర్‌లో సర్క్యూట్ బోర్డులను పరీక్షించే చిన్న బృందంలో నేను పనిచేస్తున్నాను. ఈ ఏడాది తైవాన్ నుంచి ఒక ఇంజినీరు మాతో చేరారు. పనిలో ఆమెకు వంక పెట్టలేము, మనిషి కూడా ఎంతో మర్యాదస్తురాలు. అయితే ఆమెకు ఏది నచ్చుతోందో, ఏది ఇబ్బందిగా ఉందో మాకెవరికీ అంతుపట్టడం లేదు.

వచ్చే నెలలో ఆమె పెళ్లికని తైపే వెళ్తున్నారు. మా ఆనవాయితీ ప్రకారం అందరం తలా కొంత వేసుకుని ఒక మంచి గోడ గడియారం కొని, మిగిలిన డబ్బును కవరులో పెట్టి ఇద్దామనుకుంటున్నాం. ఇందులో అభ్యంతరకరమైనది ఏమైనా ఉందా?

అడగవలసినవి మరికొన్ని ఉన్నాయి. ఆమె పరీక్షా యంత్రం మీద ఒక ఆకుపచ్చ చిరుతిండి ప్యాకెట్ ఎప్పుడూ ఉండేది. రాత్రి షిఫ్టు కుర్రవాడొకడు మొన్న దాన్ని విప్పి తినేశాడు. పొద్దున ఖాళీ కవరు చూసి ఆమె ముఖం చిన్నబోయింది గాని, పల్లెత్తు మాట అనలేదు. తినే వస్తువు కోసం అంతగా నొచ్చుకునే మనిషి కాదు. భోజనం కాగానే బల్ల మీద తల వాల్చి కునుకు తీయడం మా మేనేజరు గారికి రుచించడం లేదు. సమావేశాల్లో ఆమె నోరు విప్పరు. పేరు పెట్టి పిలవాలో, మేడమ్ అనాలో కూడా మాకు తెలియదు.

జవాబు: గచ్చిబౌలి నుంచి, ఇదివరకు తైవాన్‌లోని షిన్‌చూలో పనిచేసిన ఇంజినీరు

గడియారం మాత్రం వద్దు. చైనీస్‌లో గడియారం బహూకరించడమనే మాట, పోయేవారికి చివరి సేవ చేయడమనే మాట ఒకేలా వినిపిస్తాయి కాబట్టి కానుకల్లో దానికి చోటు లేదు. గొడుగు, కత్తి, కత్తెర కూడా అంతే. ఇప్పటికే కొనేసి ఉంటే ఆమె చేతి నుంచి ఒక రూపాయి తీసుకుని ఇవ్వండి. అప్పుడది కానుక కాకుండా ఆమె కొనుక్కున్న వస్తువు అవుతుంది. అక్కడివారు కూడా చేసే ఉపాయమే ఇది.

కవరు ఎర్రనిదే కావాలి, తెల్ల కవరులో డబ్బు ఇచ్చేది చావు ఇంట్లోనే. అంతకంటే ముఖ్యంగా, పెళ్లికి సరిసంఖ్య, అంత్యక్రియలకు బేసిసంఖ్య అన్నది అక్కడి లెక్క. మన దుకాణాల్లో అమ్మే కవర్లకు రూపాయి బిళ్ల అతికించి ఉంటుంది కదా, అందులో వెయ్యి పెడితే వెయ్యిన్నొకటి అవుతుంది. మనకు శుభమైనది వారికి సరిగ్గా అశుభం. ఆ బిళ్లను ఊడదీసి ఇవ్వండి. మొత్తంలో నాలుగు అంకె రానివ్వకండి, కార్డు మీద ఆమె పేరును ఎర్ర సిరాతో రాయకండి.

ఇక ఆ ప్యాకెట్ సంగతి. దాని పేరు క్వాయ్ క్వాయ్, కొబ్బరి రుచి కలిపిన మొక్కజొన్న చిరుతిండి; బుద్ధిగా మసలుకో అని పిల్లలకు చెప్పే మాటే దాని పేరు. యంత్రం కూడా బుద్ధిగా నడవాలని తైవాన్‌లో సర్వర్ల మీద, ఫ్యాక్టరీల్లోని పరికరాల మీద దాన్ని పెడతారు. ఆకుపచ్చ దీపం వెలుగుతూ ఉండాలన్న కోరికతో ఆకుపచ్చ ప్యాకెట్‌నే ఎంచుకుంటారు, పసుపు, ఎరుపు రంగులవి దగ్గరికి రానివ్వరు. గడువు తేదీ దాటకముందే కొత్తది మారుస్తారు. యంత్రం మీద ఉన్నంతకాలం దాన్ని ఎవరూ ముట్టరు. చదువుకున్న ఇంజినీర్లు ఇదంతా నిజంగా నమ్ముతారా అంటే, సగం సరదా, సగం భయం. దసరాకు లేత్ మిషన్‌కు బొట్టు పెట్టి నిమ్మకాయ కట్టే మనకు ఇది వింతగా తోచకూడదు. హైదరాబాదులో ఆ ప్యాకెట్ సులభంగా దొరకదు కనుక, తైవాన్ నుంచి వచ్చేవారెవరి చేతనైనా తెప్పించి, ఆ కుర్రవాడి చేతనే ఆమెకు ఇప్పించండి.

నిద్ర విషయంలో మీ మేనేజరు గారిదే పొరపాటు అని నా అభిప్రాయం. అక్కడ బడిలోనే పిల్లలకు భోజనం తర్వాత బల్ల మీద తల వాల్చి పడుకోవడం అలవాటు చేస్తారు. నేను పనిచేసిన చోట ఆ విరామంలో దీపాలు ఆర్పేసేవారు, అప్పుడు ఫోనులో గట్టిగా మాట్లాడేవాడినే అందరూ చిరాగ్గా చూసేవారు. ఆమె పడుకుంటున్నది విరామంలోనే గాని పనివేళలో కాదు కదా.

జవాబు: మణికొండ నుంచి, తైనాన్‌లో పుట్టిన తెలుగింటి కోడలు

పై జవాబులో చెప్పినవి నిజమే గాని, నా వయసువారు చాలామంది గడియారాన్ని చూసి నవ్వి ఊరుకుంటారు. ఇంట్లో పెద్దవారు ఊరుకోరు, అదీ చిక్కు.

ఆమె మౌనాన్ని సిగ్గు అనుకోకండి. పైవారి మాటకు నలుగురి ముందు అడ్డు చెప్పడం మా వైపు అంత మర్యాద కాదు, సమావేశం ముగిశాక విడిగా చెబుతాం. అయితే మౌనానికి ఇక్కడ ఇంకో కారణం కూడా ఉంటుంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. చర్చ ఇంగ్లీషులో మొదలవుతుంది, కాస్త వేడెక్కగానే తెలుగులోకి, మధ్యలో హిందీలోకి మారుతుంది, వాదన, బుజ్జగింపు, ఒప్పందం అన్నీ అందులోనే జరిగిపోయి, శుక్రవారానికి పూర్తి చేయాలన్న ఒక్క ముక్క మాత్రం చివరికి ఇంగ్లీషులో మిగులుతుంది. శుక్రవారమే ఎందుకు, ఎవరు కుదరదన్నారు, వారిని ఎలా ఒప్పించారు అన్నది నాకు చాలాకాలం తెలిసేదే కాదు. అది తెలియకుండా అభిప్రాయం చెప్పమంటే ఏం చెప్పగలం? తెలుగు మాట్లాడవద్దని నేను అనను, అలా మానేసి ఉంటే నాకీ భాష పట్టుబడేది కాదు. పక్కన కూర్చున్నవారు ఎవరైనా మలుపు తిరిగినప్పుడల్లా రెండు మాటల్లో చెబితే చాలు.

పేరు సంగతి ఆమెనే అడగండి. మాకూ మీలాగే ఇంటిపేరు ముందు వస్తుంది, తర్వాతి పేరు సాధారణంగా రెండక్షరాలు. కంపెనీ సాఫ్ట్‌వేర్ ఆ రెండింటినీ విడగొట్టి సగం పేరుతో ఈమెయిలు తయారుచేస్తే, అందరూ ఆ సగంతోనే పిలవడం మొదలుపెడతారు. చాలామంది ఒక ఇంగ్లీషు పేరు పెట్టుకుని ఉంటారు, ఉంటే దానితో పిలవడమే సుఖం. నన్ను అక్కా అని పిలిస్తే నాకు కొత్తగా అనిపించలేదు. తైవాన్ కార్యాలయాల్లో కూడా వయసులో పెద్దవారి పేరు చివర అక్క అనో అన్న అనో చేరుస్తాం.

వీడ్కోలు విందు ఇచ్చేటట్లయితే ఒక్క మాట. తైవాన్ వారు ఏదైనా తింటారని ఇక్కడ అనుకుంటారు. పొలం దున్నే పశువన్న కృతజ్ఞతతో గొడ్డు మాంసం ముట్టని కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి. చాంద్రమాసంలో మొదటి రోజున, పదిహేనో రోజున శాకాహారం తినేవారూ ఉన్నారు, బౌద్ధుల శాకాహారంలో ఉల్లి, వెల్లుల్లి ఉండవు. అటువంటి రోజున మీ కార్యాలయం వెజ్ బిర్యానీ కంటే పెరుగన్నం నయం.

జవాబు: కొండాపూర్ నుంచి, మానవ వనరుల విభాగంలో పనిచేసేవారు

పెళ్లి తర్వాత భర్త కూడా వచ్చేటట్లయితే పత్రాల గురించి ఒక సూచన. తైవాన్‌లో చైనీస్‌లో ఇచ్చే ధ్రువపత్రాల్లో సంవత్సరం వారి లెక్కలో ఉంటుంది, దానికి 1911 కలపాలి. అంటే 80 అని ఉంటే 1991. ఆ దేశానికి మన దగ్గర రాయబార కార్యాలయం లేదు, ఆ పనులు చూసే తైపే ఆర్థిక సాంస్కృతిక కేంద్రం ఢిల్లీలో ఉంది, చెన్నైలో కూడా ఉంది. వీసా మీద నమోదు షరతు ఉంటే, వచ్చిన 14 రోజుల్లోగా విదేశీయుల నమోదు చూసే ప్రాంతీయ కార్యాలయానికి (ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ) ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేయించండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. గడియారం ఇంకా కొనలేదు, ఇక కొనము. డబ్బు 10,116 రూపాయలు పోగయ్యేలా చూస్తున్నాం. నూటపదహార్ల లెక్క వారికి పనికొస్తుందా?

మణికొండ కోడలు

పనికొస్తుంది. సరిసంఖ్యే, నాలుగు కూడా లేదు. వీలైనంతవరకు కొత్త నోట్లు పెట్టండి. చివర ఆ పదహారు ఎందుకన్నది కార్డులో ఒక వాక్యం రాయండి, లేకపోతే వాళ్ల అత్తగారు అడిగినప్పుడు పాపం ఆమె దగ్గర జవాబు ఉండదు.