ఐస్‌బాక్సుతో లైవ్‌వెల్: పడవకు రంధ్రం వేయకుండా కుదురుతుందా?

ప్రశ్న

నా వద్ద 14 అడుగుల అల్యూమినియం పడవ ఉంది. పట్టిన చేపలను ఒడ్డు చేరేవరకు బతికి ఉంచేందుకు 60 లీటర్ల ఐస్‌బాక్సును లైవ్‌వెల్‌గా మార్చాలనుకుంటున్నాను. పడవ వెనుక బిగించిన పంపుతో బయటి నీటిని పెట్టెలోకి ఎక్కించి, పొంగిన నీరు తిరిగి బయటికి పోయేలా, పడవకు ఎక్కడా రంధ్రం వేయకుండా అమర్చడం సాధ్యమేనా? పెట్టెను ఎక్కడ ఉంచితే మంచిది?

మొదటి సమాధానం

పంపు కన్నా ముందు బరువు సంగతి చూడండి. 60 లీటర్ల నీరంటే 60 కిలోలు. పెట్టె, బ్యాటరీ దానికి అదనం. పడవ మోయగల బరువులోంచి ఈ మొత్తాన్ని తీసివేయగా మిగిలినదే మనుషులకూ సామానుకూ దక్కుతుంది. అంతకన్నా ముఖ్యమైనది నీటి కదలిక. పడవ ఒక పక్కకు ఒరిగినప్పుడు సగం నిండిన పెట్టెలోని నీరు కూడా అదే పక్కకు చేరి ఒరుగును పెంచుతుంది. పెట్టె పొడవు మారకుండా, పడవకు అడ్డంగా నీరు పరుచుకున్న వెడల్పు రెట్టింపైతే ఈ ప్రభావం ఎనిమిది రెట్లవుతుంది. అందుచేత పెట్టె పొడవు పడవ పొడవు వెంబడే ఉండేలా, సరిగ్గా నడుమ ఉంచి, పట్టీలతో కదలకుండా బిగించండి. వెనుక భాగంలో మోటారు, దాన్ని నడిపే మనిషి ఉండనే ఉంటారు కనుక ఈ బరువును కూడా అక్కడే చేర్చడం నాకు సమ్మతం కాదు.

రెండవ సమాధానం

మీ ఆలోచనలో ఒక చిక్కు ఉంది. పంపు నీటిని పడవ అంచు మీదుగా లోపలికి తేగలదు గానీ, పొంగిన నీరు తనంతట తాను అంచెక్కి బయటికి పోలేదు. పెట్టె పడవ అంచు కన్నా కిందే ఉంటుంది కాబట్టి, బయటి నీటిమట్టానికి పైన పడవ పక్కన ఒక రంధ్రమైనా వేయక తప్పదు. అలా వేస్తే బయటికి పోయే పైపు లోపలికి వచ్చేదానికన్నా బాగా లావుగా ఉండాలి. గంటకు 500 గ్యాలన్ల పంపు దాదాపు 1,900 లీటర్లు తోస్తుంది, పోయే నీటికి మాత్రం ఆ ఒత్తిడి ఉండదు.

రంధ్రమే వద్దనుకుంటే, 12 వోల్టుల చిన్న బిల్జ్ పంపును (పడవ అడుగున చేరిన నీటిని తోడే పంపు) పెట్టె అడుగున ఉంచి, అదే నీటిని చిల్లుల పైపు గుండా, గాలి కలిసేలా పైనుంచి చిమ్మించండి. ఫ్యూజును బ్యాటరీకి దగ్గరగా పెట్టడం మరవవద్దు.

ప్రశ్న అడిగినవారు

అయితే రెండో పద్ధతినే ఎంచుకుంటాను. కానీ ఎండకు అదే నీరు వేడెక్కదా?

మూడవ సమాధానం

వేడెక్కుతుంది, పైగా పంపు కూడా కొంత వేడిని నీటిలోకి వదులుతుంది. 20 డిగ్రీల మంచినీటిలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగితే, 30 డిగ్రీల వద్ద 7.5 మాత్రమే కరుగుతుంది. చేపకు ఆక్సిజన్ అవసరం మాత్రం వేడితో పాటే పెరుగుతుంది. మూత వేసిన సీసాల్లో గడ్డకట్టించిన నీటిని ఒక్కొక్కటిగా దించుతూ, వేడిని నెమ్మదిగా తగ్గించండి. కుళాయి నీటి ఐసును నేరుగా వేస్తే అందులోని క్లోరిన్ చేపల మొప్పలను దెబ్బతీస్తుంది. ఎంత గాలి చేర్చినా చేపలు విడిచే అమ్మోనియా పోదు కనుక, మధ్యమధ్యలో బకెట్టుతో సగం నీటిని మార్చవలసిందే. బయలుదేరే ముందు నీటినంతా అక్కడే వదిలేయండి. మరో జలాశయానికి మోసుకుపోతే దానితో పాటు కలుపు మొక్కలూ లార్వాలూ చేరతాయి.