ఒక రోజు సైకిల్ ప్రయాణాలకు ఎలాంటి సీటు సంచి మంచిది?

నమస్కారం. సెలవు రోజుల్లో హైదరాబాద్ నుంచి చేవెళ్ల మీదుగా అనంతగిరి కొండల దాకా వెళ్లి, చీకటి పడేలోపు తిరిగి వచ్చే ప్రయాణాలకు సీటు వెనక తగిలించుకునే సంచి ఒకటి కొనదలచాను. అనుభవజ్ఞులు సలహా ఇవ్వగలరని మనవి.

అదనపు ట్యూబు, టైరు లీవర్లు, ప్యాచ్ కిట్, చిన్న పంపు, మడిచిన రెయిన్ జాకెట్, ఒక పూట పులిహోర అందులో పట్టాలి. లీటరు లోపు సంచిలో పనిముట్లకే చోటు సరిపోతుంది. పది లీటర్ల పొడవాటి సంచులేమో సగం ఖాళీగా ఉంటే పెడల్ తొక్కినప్పుడల్లా అటూ ఇటూ ఊగుతాయి. పైగా నేను పొట్టివాడిని కాబట్టి, నా సైకిల్ సీటుకూ వెనక టైరుకూ మధ్య జానెడుకు మించి ఎడం లేదు. అందువల్ల మూడు నుంచి ఐదు లీటర్లది చాలుననుకుంటున్నాను.

నా అసలు సందేహం మూత గురించి. చుట్టి బిగించే మూత వానకు మేలే గానీ, తుమ్మముల్లు గుచ్చుకున్నప్పుడు అడుగున ఉన్న ట్యూబు కోసం పులిహోర డబ్బాతో సహా అన్నీ రోడ్డు పక్కన పరచవలసి వస్తుంది. జిప్పు సంచి తెరవడం తేలికే, కానీ మన దుమ్ముకు అది ఎన్నాళ్లు సాఫీగా నడుస్తుంది? సీటు గొట్టానికి చుట్టే వెల్క్రో పట్టీ తొడలకు ఒరుసుకోకుండా ఉండే రకాలున్నాయా? వెనక ఎర్రలైటును సంచి కప్పేస్తుంది కనుక, దానిపైనే లైటు తగిలించే పట్టీ కూడా అవసరం. వీపు సంచి మాత్రం వద్దు, చెమట భరించలేను.

ఇవన్నీ కుదరకపోతే, బరువు పెరిగినా సరే, క్యారియర్ బిగించుకోవడమే నయమంటారా?