ఇన్‌టేక్ మేనిఫోల్డ్ ఇంట్లో మార్చుకోవచ్చా, షాపుకే ఇవ్వాలా?

పాతబండి_పరేషాన్:
డల్లాస్ పక్కన ఇర్వింగ్‌లో ఉంటాను. ఇరవై ఏళ్లు దాటిన వీ8 సెడాన్ నాది. నెల రోజులుగా కూలెంట్ తగ్గిపోతోంది, కింద మాత్రం చుక్క కనపడదు. నిన్న టార్చి వేసి చూస్తే ఆల్టర్నేటర్ వెనక, ప్లాస్టిక్ ఇన్‌టేక్ మేనిఫోల్డ్ (ఇంజన్ సిలిండర్లకి గాలి పంచే గొట్టాల భాగం, నా బండిలో కూలెంట్ కూడా దాని గుండానే పోతుంది) మీద వెంట్రుకంత పగులు, దాని చుట్టూ ఎండిన కూలెంట్ తెల్లగా పేరుకుని ఉంది. షాపులో 950 డాలర్లు అడిగారు. బండి అమ్మినా 1,800 రాదు. పార్టు, గాస్కెట్లు (అతుకుల మధ్య లీకవకుండా పెట్టే సీళ్లు), కూలెంట్ అన్నీ కలిపి 300 లోపే. నేనే మార్చేద్దామనుకుంటున్నా. మా ఆవిడేమో "ఫ్యాన్ బిగించడానికే రెండు ఆదివారాలు పట్టింది నీకు" అంటోంది. మీరేమంటారు?

నట్టుబోల్టు:
చేసేయ్ బ్రో. ప్లాస్టిక్ మేనిఫోల్డ్ పగలడం కొత్తేం కాదు, ఫోర్డ్ 4.6 లీటర్ వీ8 మీద ఇదే గొడవకి అమెరికాలో ఓనర్లందరి తరఫునా కలిపి వేసే క్లాస్ యాక్షన్ దావా నడిచింది, ఆ తర్వాత ముందువైపు నీళ్లు పారే భాగాన్ని అల్యూమినియంతో చేశారు. నువ్వు కొనేటప్పుడు నీ ఇంజన్‌కి అలాంటిది దొరుకుతుందేమో చూడు. ఫ్యూయెల్ పంపు ఫ్యూజు తీసి ఇంజన్ దానంతటదే ఆగేదాకా నడిపితే లైన్లో ప్రెషర్ పోతుంది, తర్వాత బ్యాటరీ తీసేయ్. ఊడదీసే ప్రతి గొట్టానికీ ముందు ఫోటో, తర్వాత టేపు ముక్క మీద నంబరు. ఓ శనాదివారం పని, అంతే.

ఆటోనగర్_అన్న:
శనాదివారం పనట! విజయవాడ ఆటోనగర్‌లో ఎనిమిదేళ్లు ఇంజన్లు విప్పాను కాబట్టి చెబుతున్నా తమ్ముడూ, మొదటిసారి చేసేవాడికి విప్పడం కష్టం కాదు, శుభ్రం చేయడమే కష్టం. మేనిఫోల్డ్ లేపగానే సిలిండర్ హెడ్ మీద గాలి లోపలికెళ్లే పోర్టులు నోళ్లు తెరుచుకుని ఉంటాయి. అందులో చిన్న వాషర్ పడినా, పాత గాస్కెట్ ముక్క పడినా వాల్వు పని అయిపోయినట్టే. డ్రిల్లుకి గరుకు డిస్కు పెట్టి గాస్కెట్ గీకేవాళ్లని చూశాను, ఆ పొడి ఆయిల్లో కలిసి బేరింగులు తినేస్తుంది. ప్లాస్టిక్ స్క్రేపర్‌తో ఓపిగ్గా గీకాలి. పోర్టుల్లో గుడ్డలు కుక్కండి, ఎన్ని కుక్కారో లెక్క రాసుకోండి. షాపుకివ్వడమే నా ఓటు.

హూస్టన్_హరివిల్లు:
నా కథ వినండి. నాది వీ6. పై మేనిఫోల్డ్ బోల్టులకి మాన్యువల్లో 89 ఇంచ్-పౌండ్లు అని ఉంది, అంటే ఏడున్నర ఫుట్-పౌండ్లు కూడా కాదు, పన్నెండు ఇంచ్-పౌండ్లు కలిస్తేనే ఒక ఫుట్-పౌండు. నేను చేత్తోనే, మన సైకిల్ యాక్సిల్ బిగించినట్టు బిగించా. టక్ మంది. కొత్త మేనిఫోల్డ్, పెట్టెలోంచి తీసి గంట కాలేదు. తప్పు నాదే. ఎంత బిగించామో కొలిచి చెప్పే టార్క్ రెంచ్‌ని ఆటోజోన్ అనే విడిభాగాల షాపులో డిపాజిట్ కట్టి తెచ్చుకోవచ్చని ఆ తర్వాత తెలిసింది, తిరిగిచ్చేస్తే డబ్బులూ తిరిగిస్తారు. అయినా ఇంట్లోనే చేయమంటా, రెండు మేనిఫోల్డులు కొన్నా నాకు షాపు కంటే తక్కువే పడింది :)

నట్టుబోల్టు:
అన్నా, మీరు మరీ భయపెడుతున్నారు. గుడ్డలు లెక్కపెట్టడం ఎవరికి రాదు?

ఆటోనగర్_అన్న:
భయం కాదయ్యా. బండి పుష్‌రాడ్ ఇంజనా, ఓవర్‌హెడ్ క్యామా, అంటే వాల్వులు తెరిచే క్యామ్ షాఫ్ట్ కింద బ్లాకులో ఉందా, పైన హెడ్‌లో ఉందా అని ఒక్కరైనా అడిగారా? పుష్‌రాడ్ వీ ఇంజన్లలో చాలావాటికి మేనిఫోల్డ్ కింద వాల్వుల్ని కదిలించే లిఫ్టర్లు ఉండే లోయ తెరిచే ఉంటుంది, కూలెంట్ సరిగ్గా దించకుండా లేపితే మిగిలిందంతా నేరుగా ఆయిల్లోకి పోతుంది. అలాంటిదైతే ఆయిల్, ఫిల్టరు మార్చకుండా స్టార్ట్ చేయకూడదు.

లీజు_లాయరు:
అసలు సంగతి అందరూ వదిలేశారు. ఇర్వింగ్‌లో ఉండేది అపార్ట్‌మెంటేనా? చాలా లీజుల్లో పార్కింగ్‌లో బండి రిపేరు చేయకూడదని రాసి ఉంటుంది. సగం విప్పిన బండిని టో చేసి తీసుకెళ్తే 950 డాలర్లే చవకనిపిస్తుంది. పైగా కూలెంట్ తియ్యగా ఉంటుంది, కుక్కలు నాకితే చచ్చిపోతాయి, పిల్లల సంగతి వేరే చెప్పాలా. ట్రేలో పట్టాలి, కాలవలో పోయకూడదు.

పాతబండి_పరేషాన్:
అపార్ట్‌మెంటే అండీ. లీజు తీసి చూశాను, మీరన్నట్టే ఉంది. ఫ్రిస్కోలో మా కజిన్‌కి గ్యారేజీ ఉంది, లేబర్ డే సెలవులకి అక్కడ పెట్టుకుంటా, మంగళవారం ఆఫీసుకి తన రెండో కారు ఇస్తానన్నాడు. ఇంజన్ ఓవర్‌హెడ్ క్యామే. ఆటోనగర్ అన్నా, మీరు వద్దన్నా చేస్తున్నా, ఏమనుకోకండి. బిగించాక ఐడిల్ (యాక్సిలరేటర్ తొక్కకుండా ఉన్నప్పటి ఇంజన్ వేగం) పైకీ కిందకీ ఊగితే ఏంటర్థం?

ఆటోనగర్_అన్న:
ఎక్కడో గాలి లాగుతోందని. ముందు నంబరు వేసిన గొట్టాలన్నీ చూసుకో, ఒకటి పెట్టడం మర్చిపోయి ఉంటావు. అవన్నీ సరిగ్గా ఉంటేనే గాస్కెట్‌ని అనుమానించు. కూలెంట్ పోశాక హీటరు ఫుల్లుగా పెట్టి గాలి బుడగలు పోయేదాకా నడుపు, వేడి మీద మూత మాత్రం తీయకు. సోమవారం ఖాళీగానే ఉంటా, ఇరుక్కుంటే ఇక్కడే రాయి.